నాతో చెప్పించిన దొంగ సాక్ష్యం

నేను ఒక కంచు పళ్లేన్ని. తవిటమ్మ అనే మనిషి నా చేత ఏళ్ల తరబడి దొంగ సాక్ష్యం చెప్పించింది. ఇందులో వాదనకు ఏమీ లేదు.

పుట్టింది శ్రీకాకుళం జిల్లా బుడితిలో. నన్ను కరిగించి, పోసి, సుత్తితో కొట్టి, నిప్పుల్లో పెట్టి, మళ్లీ కొట్టారు. ఎవరినైనా పనికొచ్చేలా చేయాలంటే కొట్టడం ఒక్కటే మనుషులకు తెలిసిన దారి. అయినా నన్ను చేసిన కంచరి మీద నాకు కోపం లేదు. అతను నా వైపు చూసి కొట్టేవాడు.

నాకు జోడుగా ఒక చెంబును చేశాడు. మమ్మల్ని ఇద్దరినీ తవిటమ్మ పెళ్లికి సారెలో పెట్టారు. చెంబు మాట తక్కువ, అడుగు గట్టిది. చాలా కాలం ఒకే అరుగు మీద పక్కపక్కన ఎండలో ఆరాము. ఒక వేసవిలో పాత సామాను వాడు సైకిలు మీద వచ్చాడు. తవిటమ్మ చెంబును ఇచ్చి ఎర్ర ప్లాస్టిక్ బకెట్టు తీసుకుంది. బకెట్టు వానాకాలానికి పగిలింది. నేను సంతోషించలేదు. ఆ వయసు దాటిపోయింది.

తరువాత ఇంట్లోకి స్టీలు కంచాలు వచ్చాయి. నాకు కారం జాడీ మీద మూత ఉద్యోగం ఇచ్చారు. గ్రహణం నాడు మాత్రం కడిగి, నాలో నీళ్లు పోసి, రోకలి నిలబెట్టేవారు. రోకలి నిలబడితే గ్రహణం పట్టినట్టు, పడితే విడిచినట్టు. తల పైకెత్తి చూస్తే తెలిసే సంగతి అది. కానీ ఆ ఇంట్లో ఏది తేల్చాలన్నా నన్నే అడిగేవారు. నా కష్టాలన్నీ ఆ నమ్మకం వల్ల వచ్చినవే.

తవిటమ్మ కొడుకు విశాఖలో పని చేస్తూ నెలకో రెండు నెలలకో వచ్చేవాడు. కోడలు హైమావతి అత్తగారి దగ్గరే ఉండేది. వాళ్లకు యామిని పుట్టింది. ఏడాది దాటినా ఆ పిల్ల పిలిస్తే తిరిగేది కాదు. తలుపు దబ్బున పడ్డా ఉలికిపడేది కాదు. పిల్లకు వినిపించడం లేదేమోనని హైమావతి ఒకరోజు అన్నది. తవిటమ్మ వెంటనే జాడీ మీద నుంచి నన్ను ఊడదీసింది.

పిల్లను వాకిట్లో కూర్చోబెట్టి ఒళ్లో మరమరాలు పోసింది. సగం కింద పడ్డాయి. కోళ్లు వచ్చి చేరాయి. తవిటమ్మ వెనక నిలబడి పచ్చడిబండతో నన్ను ఒక్కటి వేసింది. కోళ్లు ఎగిరిపడ్డాయి. ఎదురుగా తింటున్న కోళ్లు ఒక్కసారి ఎగిరిపడితే ఏమైందోనని ఎవరైనా వెనక్కి చూస్తారు. యామినీ చూసింది.

"సూసినావా? దీనికి ఇనిపించదని ఎవులన్నారు?" అంది తవిటమ్మ.

అనుమానం ఉన్నవాళ్లందరికీ అదే పరీక్ష చేసి చూపించింది. పక్కింటివాళ్లకు, ఎదురింటివాళ్లకు, చూడటానికి వచ్చిన వియ్యపురాలికి. ప్రతిసారీ వాకిలే, మరమరాలే, కోళ్లే. పిల్ల వెంటనే తిరిగేది. జనం తలలూపి వెళ్లిపోయేవారు. జరుగుతున్నది నాకు తెలుసు. కోళ్లకూ తెలుసేమో. కోళ్లను ఎవరూ అడగలేదు.

మూడేళ్లకు పిల్లను అంగన్‌వాడీకి పంపారు. అక్కడ అందరూ పాట పాడి చప్పట్లు కొడితే, యామిని వాళ్ల చేతులు చూసి కొట్టేది. ఎప్పుడూ ఒక చప్పట వెనక. పిలిస్తే రాదు కాబట్టి మొండిదని పేరు పెట్టారు. మనుషులకు అర్థం కానిదానికి పేరు పెట్టేస్తే సగం పని అయిపోతుంది.

అప్పుడు వచ్చింది దమయంతి టీచరు. ప్రత్యేక అవసరాలున్న చిన్నపిల్లల కోసం స్కూటీ మీద ఊళ్లు తిరగడం ఆమె పని. మాట చెవిలోంచి లోపలికి పోతేనే నోట్లోంచి బయటికి వస్తుందని, చిన్నతనం గడిచేకొద్దీ ఆ దారి ఇరుకైపోతుందని, వెంటనే పట్నం తీసుకెళ్లి పరీక్ష చేయించమని చెప్పింది. హైమావతి అప్పటికప్పుడే చీర మార్చుకోవడానికి లేచింది. తవిటమ్మ కూర్చోమంది. చెవిటిదని ఒకసారి ముద్ర పడితే పిల్ల బతుకంతా అదే పేరు మోయాలని ఆమె భయం. ఆ భయాన్ని భయమని ఒప్పుకోవడం చేతగాక నన్ను తెచ్చింది.

పచ్చడిబండ దెబ్బ, కోళ్లు, పిల్ల తిరగడం, అన్నీ యథావిధిగా జరిగాయి. దమయంతి మళ్లీ కొట్టించి చూసింది.

"అమ్మా, ఆ కోళ్లని గంప కింద కమ్మేసి ఒకసారి కొట్టండి."

"కోళ్లకీ పిల్లకీ ఏటమ్మా సమ్మందం?"

"ఏమీ లేకపోతే మరీ మంచిది."

కోళ్లను పట్టడానికి చాలాసేపు పట్టింది. పుంజు ఒకటి పెంకు మీదికెక్కి విచారణకు హాజరు కానంది. చివరికి దాన్నీ దించి కమ్మారు. తవిటమ్మ నన్ను కొట్టింది. పిల్ల మరమరాలు తింటోంది. ఇంకా గట్టిగా కొట్టింది. ఏదో పడిందని పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూశారు. పిల్ల ఒళ్లో వెతికి పెద్ద మరమరం ఒకటి ఏరి నోట్లో వేసుకుంది. తవిటమ్మ కొడుతూనే ఉంది. నా అంచు పగిలింది.

"అత్తా, ఇంక ఆపు," అంది హైమావతి.

తవిటమ్మ నన్ను ఇటూ అటూ తిప్పి పగులు చూసింది. "పళ్లెం పాడైపోనాది. దీనికి మోత పోనాది," అంది. వీధి వీధంతా వినిపించిన మోత అది. తప్పు మాత్రం నాది.

మర్నాడు పట్నం వెళ్లే ఆటోలో అందరికంటే ముందు ఎక్కి కూర్చున్నది ఆవిడే. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే దిగిపోయేది.

పరీక్షలయ్యాయి. రెండు చెవులకూ వినికిడి మిషన్లు వచ్చాయి. యామిని మొదట వాటిని పీకి కోళ్ల నీళ్ల చిప్పలో వేయబోయింది. తవిటమ్మ కావలి కాసింది. వినడం పిల్లకు నేర్పాలని, చప్పుడు వినిపించినప్పుడల్లా చింతగింజ ఒకటి గిన్నెలో వేసే ఆట ఇంట్లో ఆడించమని దమయంతి చెప్పింది. గింజ వేస్తే అందరూ మెచ్చుకుంటారని పిల్ల కనిపెట్టింది. చప్పుడు ఉన్నా లేకున్నా వేసేది. ఒక్కోసారి గుప్పెడు. పరవాలేదు, వస్తుంది అనేది టీచరు. తవిటమ్మ ఊరుకునేది కాదు. ఒకసారి మోసపోయిన మనిషి. ఊరికే వేసిన గింజను తీసి పిల్ల చేతిలోనే పెట్టేది.

చాలా వారాలు అలా గడిచాక ఒక ఉదయం ఆవిడ కోళ్లను కమ్మింది. వీధి తలుపు వేసింది. ముఖం చూసి పిల్ల పసిగడుతుందని హైమావతిని గోడకేసి తిరిగి నిలబడమంది. వెనక్కి వెళ్లి పచ్చడిబండ ఎత్తి, నాకు తగలకుండా గాలిలోనే ఆపింది. పిల్ల గింజ పట్టుకుని కూర్చుంది. వేయలేదు.

అప్పుడు కొట్టింది. గట్టిగా కాదు. నా గొంతు ఇప్పుడు బొంగురు, డొల్ల చప్పుడు. గింజ గిన్నెలో టక్కున పడింది.

"పడిందా అత్తా?" అంది హైమావతి గోడ వైపు నుంచే.

"పడింది. నువ్వు తిరక్కు. ఇంకోపాలి కొడతాను."

మళ్లీ గాలిలో ఆపింది. గింజ పడలేదు. మళ్లీ కొట్టింది. పడింది. మూడోసారి కొట్టకుండా పచ్చడిబండ కింద పెట్టేసింది. హైమావతి ఇంకా గోడ వైపే నిలబడి ఉంది. ఆమెను తిరగమని చెప్పడం ఎవరికీ గుర్తు లేదు.

ఆ సాయంత్రం తవిటమ్మ నన్ను చింతపండు పెట్టి తోమింది. పగులు దగ్గరికి వచ్చినప్పుడు నెమ్మదిగా తోమింది. పళ్లెం పాడైందన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోలేదు. తోమినంత మాత్రాన మెత్తబడే రకాన్ని కాను. అయినా ఆ దొంగ సాక్ష్యం సంగతి ఇకమీదట నా నోట రాదు.