రేకుల కింద మాట

ఇంటి మీద రేకులు వేసేవాడికి చెవులున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. డ్రిల్లు మోతలో కింద నుంచి ఇంటాయన ఏదో అరుస్తూ ఉంటాడు, పైనున్నవాడు తలూపుతూ ఉంటాడు. ఆ తలూపుడికి అర్థం సరేనని కాదు, నన్ను నా పని చేసుకోనివ్వమని. రేకుల మేస్త్రి ముప్పాతిక జీవితం అలా తలూపే నెట్టుకొచ్చాడు. ఇంటివాళ్లు తమ మాట చెల్లిందని మురిసిపోయేవారు, పని మాత్రం ఆయన అనుకున్నట్టే జరిగేది.

ఆ ఏడు మేస్త్రి భార్యకి గొంతులో జబ్బు ముదిరింది. ఆపరేషనుకి వేళ మించిపోయిందన్నాడు డాక్టరు. ముందు మాట పోతుందనీ, ఆ తర్వాత మనిషనీ, చెప్పుకోవలసినవి ఇప్పుడే చెప్పుకోమనీ మొహం పక్కకి తిప్పుకుని చెప్పాడు. అప్పటికే ఆమె గొంతు గుసగుసలోకి దిగిపోయింది. నోటి ధాటికి వీధివాళ్లంతా జడిసిన మనిషి, నాలుగు మాటలకి ఊపిరి కూడదీసుకోవలసి వచ్చేది. మేస్త్రి పక్కనే కూర్చుని ఆ నాలుగూ అపురూపంగా ఏరుకునేవాడు.

ఇంతలో మబ్బులు పట్టాయి. పాత పెంకుల కప్పు సరిగ్గా ఆమె మంచం మీదే కారేది. గది ఇరుకు, మంచం జరపడానికి చోటు లేదు. అందరి ఇళ్లకీ కప్పు వేసినవాడి ఇల్లే కారుతోందని నలుగురూ నవ్వితే నవ్వారు గానీ, ఆమె దుప్పటి తడవడం ఆయన ఓర్చుకోలేకపోయాడు. ఆమెని పక్కింటి వరండాలో పడుకోబెట్టి, బావమరిదిని పిలిచి పెంకులు దింపించాడు.

వరండాలో ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. "మీకో మాట చెప్పాలి. కొంచెం పెద్దదే. ఈ పని కానివ్వండి, నెమ్మదిగా చెప్తాను."

రేకుల కింద సీలింగు లేకపోతే వాన పడినప్పుడు ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడదు. ఈ సంగతి ప్రతి ఇంటాయనకీ మేస్త్రి విసుక్కోకుండా చెప్పేవాడు. బావమరిది అదే గుర్తు చేశాడు.

"సీలింగు లేకుండానే బిగించేస్తున్నావేంటి బావా?"

"ముందు మీ అక్క మీద చుక్క పడకుండా చూడనీ. సీలింగు తర్వాత తీరిగ్గా వేసుకుందాం."

ప్రతి స్క్రూ రేకు గట్టు మీదే పడేలా, నీళ్లు పారే పల్లంలో ఒక్కటీ పడకుండా ఒళ్లు దగ్గర పెట్టుకుని బిగించాడు. ఆమెని లోపలికి తెచ్చి పడుకోబెట్టారు. బావమరిది వాళ్లింటికి వెళ్లిపోయాడు. ఆ వెంటనే వాన అందుకుంది.

ఒక్క చుక్క కారలేదు. మేస్త్రి తృప్తిగా పైకి చూస్తుంటే ఆమె ఆయన్ని దగ్గరకి లాగి చెప్పడం మొదలుపెట్టింది. రేకుల మోతలో పెదవులు కదలడం తప్ప ఆయనకి ఏమీ అందలేదు. చెవి ఆనించాడు. వెచ్చటి ఊపిరి తగిలింది గానీ మాట తగల్లేదు. ఏంటని అడిగాడు. ఆమె మళ్లీ చెప్పింది, మెడ నరాలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. మరోసారి అడగడానికి ఆయనకి ప్రాణం ఒప్పలేదు. వాన తగ్గాక అడగొచ్చులే అనుకుని తలూపాడు.

ఆమె ఆయన మొహంలోకి చూసి, ఇంకా చెప్పింది. ఆయన మళ్లీ తలూపాడు. తలూపినకొద్దీ ఆమె మొహం తేటపడింది. దాచుకున్న ఊపిరంతా ఖర్చు పెట్టి, చివరికి ఆయన అరచేతిని చెంపకి ఆనించుకుని నిద్రపోయింది.

మర్నాడు తెరిపిచ్చాక మేస్త్రి మంచం దగ్గర కూర్చున్నాడు. ఆమె నోరు తెరిచింది. గాలి వచ్చింది, శబ్దం రాలేదు. ఇంకోసారి ప్రయత్నించి, పోనీలే అన్నట్టు నవ్వి ఊరుకుంది. అంతా చెప్పేసుకున్న మనిషి నవ్వు అది. ఆమెకి అక్షరాలు రావు. నాకేమీ వినపడలేదని సైగ చేస్తే ఆ నవ్వు ఏమైపోతుందో తలుచుకుని, ఎత్తబోయిన చెయ్యి దించేసుకున్నాడు. చేతులారా ఆమె ఆఖరి మాటని చంపేశానని ఆయనకి తెలిసిపోయింది, ఇక దానికి మందు లేదు.

సాయంత్రం బావమరిది వచ్చి, నోరు పెగలని అక్కని చూసి కళ్లు తుడుచుకున్నాడు. మాట పోకముందు ఏమైనా చెప్పావా అక్కా అని అడిగాడు. ఆమె తృప్తిగా వేలెత్తి మేస్త్రిని చూపించింది. అంతా ఆయనకి చెప్పాను, అడుగు అన్నట్టు.

బావమరిది స్టూలు ఆయన దగ్గరకి జరుపుకున్నాడు. "చెప్పు బావా," అన్నాడు.