చుట్టాలొస్తేనే ఏసీ

ఆ ఇంట్లో ఏసీ చుట్టాల కోసం కొన్నది. ఇంట్లోవాళ్ళు చుట్టాల కిందికి రారు కాబట్టి వాళ్ళకి ఫ్యాను. హాల్లో సోఫాకి షాపువాడు తొడిగిన ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది. కూర్చున్నవాళ్ళు లేచేటప్పుడు ముందు సోఫా నుంచి తమని ఊడదీసుకోవాలి. అద్దాల షోకేసులో ఒక డిన్నర్ సెట్ ఉంది. అందులో ఇంతవరకూ ఎవరూ డిన్నర్ చేయలేదు. షోకేసు తాళంచెవి అత్తగారి మెడగొలుసుకి పిన్నీసుతో వేలాడుతుంది. ఏసీ రిమోట్ మామగారి జేబులో ఉంటుంది, దానికీ ఒక ప్లాస్టిక్ తొడుగు. నీటి సరఫరా శాఖలో ఉన్నంతకాలం జనానికి నీళ్ళు ఎప్పుడు కట్టేయాలో చూసుకున్న మనిషి, రిటైరయ్యాక అదే విద్యని చల్లగాలి మీద చూపిస్తున్నారు.

అలాంటి ఇంటికి కోడలు ఈగల్ని తెచ్చింది.

కోడలు పరిశోధనశాలలో పని చేస్తుంది. బయటివాళ్ళతో మామగారు, "మా కోడలు క్యాన్సర్ అంతు చూస్తోంది" అంటారు. ఇంట్లో మాత్రం, "ఈగలు తోలుకునే ఉద్యోగం" అంటారు. నిజానికి ఆమె పని రెంటికీ మధ్యలో ఉంది. మగ్గిన అరటిపండు మీద ముసిరే బుల్లి ఈగలున్నాయే, వాటికీ మనిషికీ చాలా జన్యువులు దగ్గరి చుట్టాలు. "పెరిగింది చాలు, ఇక ఆగు" అని కణానికి చెప్పే జన్యువు ఒకటి రెంటిలోనూ ఉంది. మనిషిలో అది చెడిపోతే గడ్డ లేస్తుంది. ఈగ కంట్లో దాన్ని చెడగొడితే తల ఉబ్బి, ముడతలు పడి, మడతపెట్టి కుక్కిన దిండులా తయారవుతుంది. అలాంటి ఈగల్లో కోడలు ఇంకో జన్యువుని కూడా చెడగొట్టి చూసింది. తల మళ్ళీ మామూలుగా వచ్చింది! ఆ రెండో జన్యువు పట్టు దొరికితే, ఆగని కణాన్ని ఎక్కడ పట్టుకుని ఆపాలో తెలుస్తుంది. ఏళ్ళ తరబడి కూర్చుని చేసిన ఆ ఈగల వంశం ప్రపంచం మొత్తం మీద ఆమె దగ్గరే, గుప్పెడు గాజు సీసాల్లో ఉంది.

అవి వేడికి ఆగవు. ఎండవేడి తగిలితే మగ ఈగలు గొడ్డుపోతాయి, వంశం అక్కడితో సరి. సరిగ్గా వేసవి ముదిరాక ల్యాబులో ఈగల్ని పెట్టే చల్లపెట్టె కంప్రెసర్ కాలిపోయింది. కొత్తది "వచ్చే వారం" వస్తుందన్నారు. పక్క ల్యాబు పెద్దాయన్ని అడిగితే తమ పెట్టెలో ఖాళీ లేదన్నాడు. పెట్టెలో ఖాళీ ఉంది, ఆయన మనసులోనే లేదు. కిందటేడు అచ్చయిన పరిశోధన పత్రంలో ఆయన పేరు రెండోది వేశారు.

అలా సీసాలు ఇంటి హాల్లోకి, షోకేసు పక్కన ఉన్న స్టూలు మీదికి చేరాయి.

"ఏసీ వెయ్యాలి మామయ్యగారూ, రాత్రీ పగలూ."

"ఎవరొస్తున్నారు?" అన్నారు మామగారు ఆశగా తలుపు వైపు చూస్తూ.

"ఎవరూ రావట్లేదు. వీటి కోసం."

మామగారు సీసాల వైపు చూశారు. జేబు తడుముకున్నారు. "నాకు చెమటలు పడుతుంటే నేనే వేసుకోవట్లేదమ్మా. ఈగలకి వేస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

కోడలు భర్త వైపు చూసింది. ఇంట్లో ఏ గొడవలోనూ ఏ పక్షమూ చేరని మనిషి అతను. "నాన్న చెప్పిందీ కరెక్టే, నువ్వు చెప్పిందీ కరెక్టే" అని లేచి స్నానానికి వెళ్ళిపోయాడు. ఇంట్లో మాట పెరిగిన ప్రతిసారీ స్నానం చేయడంతో అతను చాలా శుభ్రంగా ఉంటాడు.

ఆమెకి దారి దొరికింది. ఏసీ చుట్టాలకే కదా, చుట్టాల్నే పిలుద్దాం. మొదటిరోజు ల్యాబులో స్నేహితురాలు భర్తతో సహా వచ్చింది. మర్నాడు మొగుడి ఆఫీసువాళ్ళు. ఆ మర్నాడు కింద వాటాలో అద్దెకుండే దంపతులు. పిలిచేసరికి ఏం తప్పు చేశామా అని భయపడుతూ వచ్చారు. బెల్లు మోగగానే మామగారు రిమోట్ తీసేవారు, వాళ్ళు గుమ్మం దాటగానే ఏసీ ఆపి, తొడుగు తుడిచి జేబులో వేసుకునేవారు. అందుకని ఆమె ఎవర్నీ తొందరగా లేవనిచ్చేది కాదు.

"అప్పుడే వెళ్తారా? పండ్లు కోస్తానుండండి. పెళ్ళి ఫోటోలు చూడలేదుగా?"

అత్తగారు పొంగిపోయింది. "ఇన్నాళ్ళకి మా కోడలికి మర్యాదలు తెలిశాయి" అని ఫోన్లో చెల్లెలికి చెప్పుకుంది. ఆ చెల్లెలికి కోడలు చాటుగా పెట్టుకున్న పేరు తిష్ట పిన్ని. కిందటిసారి రెండురోజులకని వచ్చి, పాలవాడు ఆవిడే ఇంటావిడ అనుకునేదాకా ఉంది. ఎవర్ని పిలిచినా ఆవిడ్ని మాత్రం పిలవకూడదని కోడలు అనుకుంది. ఆ ఒక్క విషయంలోనే మామగారూ ఆమే ఒకటి.

ఈలోగా ఈగల్ని కొత్త తిండి ఉన్న సీసాల్లోకి మార్చింది. పాత సీసాల్లో గుడ్లూ, పాకే పురుగులూ ఉన్నాయి. "ఛీ, హాల్లో పురుగులేంటే!" అని అత్తగారు ముక్కు మూసుకుంటే, సంచిలో వేసి పారేయమని మొగుడికి ఇచ్చింది. అతను పారేయనూ లేదు, ఉంచనూ లేదు, గుమ్మం దగ్గర పెట్టి స్నానానికి వెళ్ళాడు.

కంప్రెసర్ మాత్రం ఏ వారమూ తను వచ్చే వారం కాదంది.

వచ్చేపోయేవాళ్ళకి ఈగల గురించి చెప్పీ చెప్పీ మామగారికి కూడా విషయం కొంత ఒంటబట్టింది. పట్టినంతవరకూ ఆయనే చెప్పడం మొదలుపెట్టారు. చివరికి తన పాత ఆఫీసర్ని పిలిచారు. సర్వీసులో ఉండగా ఎన్నిసార్లు పిలిచినా రాని మనిషి, క్యాన్సర్ అనగానే వచ్చాడు. ఆ సమయానికి కోడలు కంప్రెసర్ కోసం ల్యాబులో ఒకరి కాళ్ళు పట్టుకుంటోంది.

ఆమె తిరిగొచ్చేసరికి హాలంతా దోమల మందు వాసన. స్టూలు ఖాళీ.

"సీసాలేవి?"

"ఆఫీసరుగారు చాలా మెచ్చుకున్నారమ్మా" అన్నారు మామగారు, ఇంకా ఆ వెలుగులోనే ఉండి. "సీసాలో సరిగ్గా కనపడటం లేదయ్యా అన్నారు. అంత పెద్దమనిషిని వంగి చూడమంటామా? మూతికి పెట్టిన దూది తీసి చూపించాను. ఒకటి చూపించి ఊరుకుంటే ఏం మర్యాద? అన్నీ చూపించాను."

"అన్నీ!"

"పండ్ల పళ్ళెం మీద వాలాయి. ఒకటి ఆయన టీలో పడింది. దాంతో మీ అత్తయ్య మందు కొట్టింది."

"మరి సీసాల అడుగున గుడ్లు..."

"ఖాళీ అయ్యాయి కదా అని మరిగే నీళ్ళతో కడిగి బోర్లించాను" అంది అత్తగారు వంటింట్లోంచి. "తళతళలాడుతున్నాయి, చూడు."

కోడలు సోఫాలో కూలబడింది. ప్లాస్టిక్ కిర్రుమంది. మొగుడు తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూం వైపు కదిలాడు.

"కూర్చో" అంది. కూర్చున్నాడు. పెళ్ళయ్యాక అతను ఒక గొడవలో చివరిదాకా కూర్చోవడం అదే మొదలు. "ఆ రోజు నీకిచ్చిన పాత సీసాల సంచి ఏమైంది?"

అతను తల్లి వైపు చూశాడు. అత్తగారు గొలుసు సర్దుకుంది.

"అత్తయ్యా, పారేశారా?"

"పారేయడమా! అంత మంచి గాజు సీసాల్ని పారేయడానికి చేతులెలా వస్తాయే? లవంగాలకి ఒకటి, గుండీలకి ఒకటి వస్తాయని దాచాను."

"కడిగేశారా?"

"తీరికేదీ? ఇల్లు సత్రంలా చేసి నన్ను టీలు పెట్టమంటుంటివి. దూది కూడా తియ్యలేదు."

"ఎక్కడున్నాయి?"

అత్తగారు మామగారి వైపు ఓ చూపు చూసి, గొంతు తగ్గించింది. "షోకేసులో. సూప్ గిన్నెల వెనక."

"తియ్యండి."

"ఇప్పుడా? ఎవరొస్తున్నారని?"

"అత్తయ్యా!"

ఆ గొంతు ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదు. పిన్నీసు ఊడింది, తాళం తిరిగింది. దుమ్ము దూరకూడదని తలుపు అంచులకి అత్తగారు అంటించిన రబ్బరు, దోమల మందుని కూడా దూరనివ్వలేదు. ఇన్నాళ్ళ మర్యాదల చల్లదనం లోపల నిలిచి ఉంది. డిన్నర్ సెట్ మొదటిసారి బయటికొచ్చి నేల మీద కూర్చుంది. దాని వెనక, దూది బిరడాలు పెట్టినవి పెట్టినట్టే ఉండి, సీసాలు.

గాజు గోడలకి పురుగులు కట్టుకున్న గూళ్ళు బియ్యపు గింజల్లా అంటుకుని ఉన్నాయి. కొన్ని పగిలి ఖాళీగా ఉన్నాయి. పైన, దూది కింద, అప్పుడే పుట్టిన ఈగలు తడిరెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. మామగారు పేపరు చదివే భూతద్దం ఆమె అడక్కుండానే లాక్కుంది. ఒక్కో ఈగ తలా చూసింది. చిన్న తలలు. గుండ్రని, శుభ్రమైన, ఎక్కడ ఆగాలో తెలిసిన తలలు. ఆ గదిలో అలాంటివి అవే.

"బతికున్నాయా?" అన్నాడు మొగుడు.

"బతికున్నాయి. కంప్రెసర్ వచ్చేదాకా బతకాలి."

"అయితే అంతా మంచికే అయింది" అన్నారు మామగారు. రిమోట్ తీసి నొక్కారు. ఏసీ ఆగింది. తొడుగు తుడిచారు. "ఆఫీసరుగారు వెళ్ళి చాలాసేపైంది."

కోడలు ఆయన వైపు చూసింది. ఆయన జేబులో చెయ్యి పెట్టి రిమోట్ లాక్కోలేదు, ఎంతైనా చదువుకున్న పిల్ల. ఫోను తీసింది.

"పిన్నిగారూ, నేను. బాగున్నారా? అదేం లేదు, ఊరికే. మీరు లేక ఇల్లు బోసిగా ఉంది. ఎన్నాళ్ళని కాదు, మీ ఇష్టమొచ్చినన్నాళ్ళు ఉందురుగాని."

మామగారు రిమోట్ ఉన్న జేబుని గట్టిగా పట్టుకున్నారు. "పిల్లా, ఆగు" అన్నారు. అప్పటికే అవతల పిన్ని పెట్టె సర్దుతున్న చప్పుడు ఫోన్లో వినిపిస్తోంది.

సాయంత్రానికల్లా ఆవిడ దిగింది. గుమ్మంలోనే చెప్పులు తన్నేసి, మామగారి వాలుకుర్చీలో కూర్చుని, చెయ్యి చాపింది.

"అబ్బ, ఏం ఉక్కరా బాబూ! ఆ రిమోట్ ఇలా ఇవ్వండి బావగారూ. మీకెందుకు శ్రమ, నా దగ్గరే ఉంచుకుంటాను." ప్లాస్టిక్ తొడుగు పీకి స్టూలు కింద పడేసింది. ఏసీ వేసింది. స్టూలు మీదున్న సీసాల్ని ఓసారి చూసింది. "ఏంటవి, ఈగలా? ఏసీలో ఉండాలంటే పెట్టి పుట్టాలే, ఈగకైనా. సరేగానీ అమ్మాయ్, నువ్వు ఇంత చిక్కిపోయావేం? పిల్లల్ని కనే ఉద్దేశం ఉందా లేదా? జుట్టుకి ఏం రాస్తున్నావ్? మా వీధిలో ఒకావిడ..."

కోడలు సోఫా అంచున కూర్చుని, సీసాల మీద చూపు ఉంచి, అన్నిటికీ "అవును పిన్నిగారూ" అంటోంది. మామగారు వెనకగదిలో ఫ్యాను కింద పేపరుతో విసురుకుంటున్నారు. బాత్రూంలో నీళ్ళ చప్పుడు మొదలైంది.