కురుమూర్తి చేతి బోణీ

గద్వాలలో ఎవరితోనైనా పరాచికాలు ఆడొచ్చు గాని, బోణీ కాకముందు బాబు మియాతో మాత్రం ఆడకూడదు. పాత బస్టాండు వెనక సందులో ఆయనది చీరల కొట్టు. మనిషి మంచివాడే, కాకపోతే కోపం ముక్కు మీదే ఉంటుంది. పొద్దున తొలి బేరం కుదిరి, ఆ డబ్బు కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేసేదాకా ఆయన చాయ్ కూడా ముట్టేవాడు కాదు. ఆ తొలి బేరం కొట్టులో పనిచేసే కురుమూర్తి చేతి మీదుగా జరిగితేనే రోజంతా బర్కత్ ఉండి గిరాకీ కలిసొస్తుందని ఆయన నమ్మకం. కురుమూర్తి పనిలో చేరిన నాడు బోణీ చేశాడట, సాయంత్రం దాకా కొట్టు కిటకిటలాడిందట. అంతే, ఆ మాట సేటు మనసులో పాతుకుపోయింది.

కురుమూర్తికి అప్పుడు ఇంకా మీసాలు సరిగా రాలేదు. గద్వాల డిగ్రీ కాలేజీలో బీకాం చదివేవాడు. సొంతూరు అమరచింత. ఉన్న కాస్త మెట్ట పొలంలో బోరు ఎండిపోయి నాన్న చేతులెత్తేశాక, ఇంట్లో పొయ్యి వెలగాలన్నా, తాను పుస్తకం తెరవాలన్నా ఆ కొట్టే దిక్కయింది. పొద్దున కొట్టు తెరవడం, రాత్రి మూయడం అతని పని. నడుమ కాలేజీ. సేటు పెట్టిన షరతు ఒక్కటే.

“బోణీ చేసి పో. బోణీ కాంది గడప దాటకు.”

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కురుమూర్తికి ప్రాణం లేచి వస్తుంది. తొలి బస్సు జూరాల కట్ట మీదుగా వస్తుంటే నీళ్ళ మీది చల్లగాలి కిటికీలోంచి కొట్టేది. ఒళ్ళో అకౌంటెన్సీ పుస్తకం, కళ్ళ నిండా నిద్ర. కొట్టులో కొత్త చీరల గంజి వాసన. పరుపు మీద మఠం వేసుకుని కూర్చున్న అక్కలు, అత్తలు. అంచు ఎట్లా ఉంటుందో చూపించమంటే, సిగ్గూ ఎగ్గూ లేకుండా చీర తన నడుముకే చుట్టుకుని, కుచ్చిళ్ళు పోసి, కొంగు భుజాన వేసుకుని నిలబడేవాడు. “నీకే బాగుంది గదరా పిల్లగా” అని వాళ్ళు నవ్వితే, తానూ నవ్వేవాడు. అన్నం తినే తీరిక ఉండేది కాదు గాని, నవ్వడానికి మాత్రం ఎక్కడో తీరిక దొరికేది.

పెళ్ళిళ్ళ కాలంలో చిక్కు లేదు. షట్టర్ ఎత్తేసరికే బేరం వచ్చి కూర్చునేది, కురుమూర్తి బోణీ చేసి కాలేజీకి పరుగు తీసేవాడు. ఆషాఢం వచ్చిందంటే అతని పని అయిపోయినట్టే. మధ్యాహ్నం దాకా ఈగ కూడా వాలేది కాదు. కాలు కాలిన పిల్లిలా గడపకూ గల్లాకూ మధ్య తిరిగేవాడు. వాచీ చూసుకుంటే సేటుకు కోపం. అడిగితే ఇంకా కోపం.

చివరి ఏడాదికి వచ్చేసరికి హాజరు బాగా తగ్గిపోయింది. కామర్స్ చెప్పే లక్ష్మీదేవమ్మ మేడం క్లాసులోనే నిలబెట్టి హెచ్చరించింది.

“కురుమూర్తీ, ఈ నెల కూడా గిట్లనే చేస్తే నీకు హాల్ టికెట్ రాదు. నన్ను బతిమాలినా ఫాయిదా లేదు.”

కాలేజీ కోసం కొట్టు మానేస్తే ఇల్లు గడవదు. కొట్టు కోసం కాలేజీ మానేస్తే ఇన్నాళ్ళ చదువూ నీళ్ళపాలు. ఎవరితో చెప్పుకోవాలో తెలియక కురుమూర్తి లోలోపలే నలిగిపోయాడు.

అట్లాంటి ఒక రోజున, పన్నెండు దాటినా బోణీ కాలేదు. సేటు చాయ్ లేక చిటపటలాడుతున్నాడు. అప్పుడు ఒక ముసలమ్మ మనవరాలికి చీర కోసం వచ్చింది. కురుమూర్తి చిలకాకుపచ్చ చీర ఒంటికి చుట్టుకుని కొంగు చూపిస్తుంటే, మరో మనిషి గడప ఎక్కింది. తలెత్తి చూశాడు. లక్ష్మీదేవమ్మ మేడం!

ఆమె అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. నవ్వలేదు. “ఇప్పుడు నా క్లాసు అయిపోయే వస్తున్న. నువ్వు గిక్కడ ఉన్నవా?” అంది. తర్వాత సేటు వైపు తిరిగింది. “పిల్లగాడు మంచిగ చదువుతడు. పరీక్షకే కూసోనియ్యకుంటే ఏం లాభం? జర మీరే ఆలోచన చేయాలె.”

ఆ మాట అని, చీర సంగతే మరిచిపోయి వెళ్ళిపోయింది. ఈ గొడవేమిటో తెలియక ముసలమ్మ కూడా “మల్ల వస్తతియ్యి” అంటూ లేచింది. బోణీ బేరాలు రెండూ ఉత్త చేతులతో గడప దిగిపోయాయి! కురుమూర్తి ఒంటి మీది చీర విప్పడం కూడా మరిచి బిగుసుకుపోయాడు. సేటు ఖాళీ గల్లాపెట్టె ఠక్కున మూశాడు. ఆ చప్పుడు తిట్ల కంటే ఘోరంగా ఉంది.

మర్నాడు షట్టర్ ఎత్తబోతుంటే సేటు చేయి అడ్డం పెట్టాడు.

“వద్దు. నీ చేయి చెడింది ర. ఇగ నుంచి బోణీ నేనే చేస్త. మూడు దాటెదాంక నా కండ్లకు కనవడకు.”

“సేటూ, నిన్న నాదేం తప్పు లేకుండె...”

“చెప్తే తెల్వదా? పో!”

కురుమూర్తికి తల కొట్టేసినట్టయింది. ఎక్కడికి పోవాలో తోచక కాలేజీకే పోయాడు. ఆ రోజే కాదు, ఆ తర్వాత రోజూ అంతే. క్లాసులో ముందు బెంచీలో కూర్చున్నా మనసు కొట్టు దగ్గరే ఉండేది. నేడో రేపో పనిలోంచి తీసేస్తాడని బెదురు. సాయంత్రాలు ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాడు. సేటు మాత్రం బోణీ మాట మళ్ళీ ఎత్తలేదు, జీతంలో పైసా కోయలేదు. పొద్దుటి పని తగ్గిన లెక్క మరిచిపోయి ఉంటాడని కురుమూర్తి అనుకున్నాడు, గుర్తు చేయడానికి భయపడ్డాడు.

హాల్ టికెట్ వచ్చింది. పరీక్ష గట్టెక్కాడు. పీజీకి సీటొచ్చాక సెలవు తీసుకోవడానికి పోతే, సేటు తలెత్తకుండానే “మంచిది, పో” అన్నాడు. ఆ ముభావం కురుమూర్తి మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడతను నాగర్‌కర్నూల్‌లో కామర్స్ లెక్చరరు. మొన్న వేసవిలో భార్య శ్రుతికి చీర కొందామని గద్వాల వచ్చాడు. కొట్టుకు అద్దాల తలుపులు వచ్చాయి, గల్లా మీద సేటు కొడుకు అజీజ్ ఉన్నాడు. “మోకాళ్ళ నొప్పులన్నా, అబ్బా ఇంట్లనే ఉంటుండు. మిమ్మల్ని చూస్తే ఖుషీ అయితడు” అన్నాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ సేటు ఇంటికి పోయారు.

సేటు బాగా వడలిపోయాడు. కోపం మాత్రం చెక్కుచెదరలేదు, రావడానికి ఇన్నేళ్ళు పట్టిందా అని కసురుకున్నాడు. ఆయన భార్య ఖతీజాబీ చాయ్ ఇచ్చి పక్కన కూర్చుంది. మాటల్లో శ్రుతి నవ్వుతూ మొగుడి మీద చాడీ చెప్పింది.

“ఈయన చేత్తోటి ఏదీ మొదలుపెట్టడమ్మా. కొత్త బండి తాళం నన్నే తిప్పమన్నడు. కొత్త ఇంటి పునాదికి ముగ్గు పోసిన నాడు దూరంగ నిలవడ్డడు. నా చేయి మంచిది గాదంటడు.”

“ఎవరన్నరు బిడ్డా గట్ల?” అంది ఖతీజాబీ.

 కురుమూర్తి చూపు తనకు తెలియకుండానే సేటు మీదికి పోయింది. ఖతీజాబీ నెత్తి కొట్టుకుంది.

“యా అల్లా! ఇంకా చెప్పలేదా నువ్వు?” అని మొగుణ్ణి నిలదీసింది. “బిడ్డా, ఆ మేడం వచ్చిపోయిన రాత్రి ఈయన బువ్వ తినలేదు. పొద్దుగాల నీతోని గట్ల చెప్పి వచ్చి, నా కాడ కూసోని ఏడ్చిండు. నువ్వు బోణీ మానినంక ఒక్కోనాడు పగటాల దాంక చాయ్ లేకుంట కూసున్నడు. ‘పిల్లగాన్ని పిలువు’ అంటే వినలే.”

కురుమూర్తి సేటు దగ్గరికి జరిగి అడిగాడు. “చదువుకోపో అంటే పోకపోదునా సేటూ? నా చేయి చెడిందని ఎందుకన్నవ్?”

బాబు మియా గోడకేసి చూస్తూ చెప్పాడు.

“పొమ్మంటే నువ్వు పోతుంటివి. నాకే పొమ్మన బుద్ధి కాకపోవు. పొద్దుగాల్ల నీ మొఖం కనవడితే చాలు, ఇయ్యాల ఒక్కనాడు ఆగు అంటుంటి. రేపు గూడ గంతే. నీ చేయి మంచిదని అనుకుంటనే నిన్ను పంపేటంత పెద్ద మనసు నాకు లేకుండె ర. చెడిందని నాకు నేనే చెప్పుకున్న.”

కురుమూర్తికి కన్నీళ్ళు ఆగలేదు. ఇన్నేళ్ళూ ఏ మంచి పనికీ ముందుకు చాపని ఆ చేత్తో ముసలాయన చేయి పట్టుకుని, చాయ్ చల్లారిపోతున్నా వదలకుండా కూర్చున్నాడు.