వైరు పట్టుకున్న చేయి

మా వీధి చివరి హాలు గోడకు వేలాడుతున్న ఆ ముఖాలు నేను తీసినవి కావు. మా ఆవిడ తీసింది. కింద నా పేరు వేయించింది నా కూతురు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

నేను పల్లెటూరి బడిలో చదువుకున్నవాణ్ని. తిప్పి తిప్పి చెప్పడం రాదు. మా స్టూడియో ఎలా నడిచేదో ముందు చెబుతాను. ఎవరు ఏం చేశారో తర్వాత.

స్టూడియో అంటే మేడమీద ఒక్క గది. కింద సైకిళ్ల షాపు, ఎదురు గదిలో టైలరు. పెద్ద కిటికీకి తెల్లగుడ్డ కట్టి ఉండేది. కెమెరా మూడు కాళ్ల స్టాండు మీద ఉండేది, పైనుంచి తొంగిచూసే రకం. నేను దాని మీదికి వంగి ఫోకస్ చూసేవాణ్ని. లైటు పెట్టడం నా పని. గడ్డం దించమనడం, భుజం తిప్పమనడం నా పని. ఫిల్ము కడగడం, ప్రింటు వేయడం కూడా నాదే.

కెమెరాకు ఒక పొడుగాటి వైరు ఉండేది. దాని చివర బొటనవేలితో నొక్కే మీట. ఆ మీట మా ఆవిడ చేతిలో ఉండేది. ఆమె కెమెరా పక్కన నిలబడి, చేయి వెనక్కి పెట్టుకుని, కూర్చున్నవాళ్లతో కబుర్లు చెప్పేది. వాళ్లు నన్ను చూసేవాళ్లు. నా తల కిందికి వంగగానే ఊపిరి బిగపట్టేవాళ్లు, పైకి లేవగానే వదిలేవాళ్లు. ఆమె చేతిని చూసినవాడు లేడు.

మొదట్లో వైరు నా దగ్గరే ఉండేది. అప్పుడు తీసినవి గుర్తింపు కార్డులకు బ్రహ్మాండంగా పనికొచ్చేవి. ముక్కు ముక్కులా, చెవి చెవిలా ఉండేవి. మనిషి మాత్రం కనపడేవాడు కాదు. ఒకరోజు కుళాయిలు బాగుచేసే అతను వాళ్లమ్మను తీసుకొచ్చాడు. ఆ ముసలావిడ పన్ను పీకించుకోవడానికి వచ్చినట్టు కూర్చుంది. ఆ రోజు నా లైటు స్టాండు కాలు విరిగింది. వెలుగు తిప్పే తెల్ల అట్ట నేనే పట్టుకోవాల్సి వచ్చి, వైరు మా ఆవిడ చేతికిచ్చాను.

"నొక్కు" అన్నాను. నొక్కలేదు.

"నొక్కవే" అన్నాను. వినపడనట్టే నిలబడింది.

తర్వాత ముసలావిడతో, "అయిపోయిందమ్మా, లేవండి" అంది.

ఆవిడ ఊపిరి వదిలింది. చేతులు ఒళ్లోకి జారాయి. చెప్పుల కోసం కిందికి చూసి, ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తి మా ఆవిడ వైపు చూసింది. అప్పుడు టక్కుమంది కెమెరా. ఫిల్ము పాడుచేసిందని తిట్టడానికి నోట్లో మాట సిద్ధంగా పెట్టుకున్నాను. సాయంత్రం చీకటి గదిలో, ట్రేలో నీళ్లకింద ఆ ముఖం పైకి తేలింది. తిట్టలేదు. వైరు మళ్లీ నేను ముట్టుకోలేదు.

అదొక్కటే కిటుకైతే ఎవరైనా చేస్తారు. రెండోసారి వచ్చినవాళ్ల దగ్గర అది పారదు. అందుకని ఆమె కొత్తవి వెతుక్కుంది. ఒక ప్లీడరుతో, మీ కోటు బొత్తాం ఊడేలా ఉంది అంది. చిన్నపిల్లలతో అసలు మాట్లాడేది కాదు, నేలమీద చతికిలబడి అలిగినట్టు కూర్చునేది. ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా ఉన్న ఒక మొగుడూ పెళ్లాం వస్తే, "ఇంతకీ గురక ఎవరిది?" అని అడిగింది. ఇద్దరూ ఒకేసారి ఎదుటివాళ్లను వేలు పెట్టి చూపించారు. ఆ ఫొటో ఇప్పుడు హాలు గోడమీద ఉంది. కింద నా పేరు. పరాయి ఇంటి గురక సంగతి అడగడం నాకు చచ్చినా చేతకాదు.

ఇంకొకటి కూడా ఆమెదే. ఫిల్ము రోలులో చివరి ఫొటో ఎవరికీ అమ్మేది కాదు. మెట్లు దిగి వీధిలోకి వెళ్లి, బండి తోసేవాణ్నో, చెత్త ఊడ్చే ఆవిడనో పిలుచుకొచ్చి కూర్చోబెట్టేది. నాచేత ప్రింటు వేయించి ఊరికే ఇచ్చేది.

"ఫిల్ము ఎవడబ్బ సొమ్మనుకున్నావు?" అనేవాణ్ని.

"మీ నాన్నగారిదే అనుకుందాం. ఆయన ఏమీ అనుకోరు, పటంలో ఉన్నారుగా" అనేది.

చివరిదాకా సణుగుతూనే ఉన్నాను. ఆమె చివరిదాకా ఇస్తూనే ఉంది.

ఇవన్నీ మా అమ్మాయి చూసింది. ప్రింట్లు కోసే బల్లకింద కూర్చుని హోంవర్కు చేసుకునేది. పెద్దయ్యాక ఈ పనే పట్టుకుంది. మంచి పనిమంతురాలు, కాదనను. పెళ్లిళ్లు తీసింది, పత్రికలకు తీసింది. వాళ్లమ్మ పోయాక అవన్నీ తగ్గించుకుని, వృద్ధుల ఆశ్రమాలకు, ఇరుకు సందులకు వెళ్లి ఫొటో లేనివాళ్లకు తీసి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ పనికి 'చివరి ఫొటో' అని పేరు పెట్టింది. పిల్లలకు ఉచితంగా నేర్పిస్తుంది కూడా. అంతవరకూ బాగానే ఉంది.

తర్వాత మా వీధి చివర హాల్లో పాత ఫొటోలు పెద్దవిగా వేయించి, శాశ్వతంగా గోడకు పెట్టించింది. నన్ను తీసుకెళ్లి చూపించింది. ఒక్కోదాని కింద ఇత్తడి రేకు. ఒక్కోదాని మీద నా పేరు.

"మీ అమ్మ పేరేది?" అన్నాను.

"గుమ్మం దగ్గర ఉంది నాన్నా. అమ్మ జ్ఞాపకార్థం అని."

"జ్ఞాపకార్థం కాదు. తీసింది తను. రేకుల మీద ఉండాలి."

అమ్మాయి అటూ ఇటూ చూసింది. "లైటు నీది. ఫోకస్ నీది. ప్రింటు నీది. అమ్మ నొక్కింది. అంతేగా?"

"అంతేగా" అన్న మాట నేను మర్చిపోలేదు.

పక్కనే అల్లుడున్నాడు. పత్రికల వాళ్లతో మాట్లాడే పనులన్నీ అతనివే. "మావయ్యగారూ, కథలో ఒక్కరే ఉండాలండీ. ఇద్దరుంటే జనం తికమకపడతారు."

"నన్ను తీసెయ్యి. ఒక్కరే మిగులుతారు."

అతను నవ్వాడు. నా పెద్దరికాన్ని మెచ్చుకున్నట్టు నవ్వాడు.

సాక్షి ఉన్నాడు కదా అని టైలరు దగ్గరికి వెళ్లాను. అన్నేళ్లూ మా తలుపు ఎదురుగానే మిషను తొక్కినవాడు.

"నువ్వు చూశావు కదరా. వైరు ఎవరి చేతిలో ఉండేది?"

"వైరేంట్రా? మా చెల్లెమ్మ కబుర్లు చెబుతుండేది, నువ్వు తీస్తుండేవాడివి. ఆ కబుర్లకు నేను ఎన్ని జేబులు తలకిందులుగా కుట్టానో నీకేం తెలుసు."

వాడి మిషనుకు నూనె వేసి ఇంటికొచ్చాను.

హాల్లో పెద్ద సభ పెట్టారు. ముసలివాళ్లందరికీ ఆ రోజు ఉచితంగా ఫొటోలు. హాలు కార్యదర్శి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, పేదవాళ్ల కోసం చివరి ఫొటో దాచిన మహానుభావుడు అన్నాడు. నేను లేచి మైకు తీసుకున్నాను.

"ఆ ఫొటోలు మా ఆవిడ తీసింది. చివరి ఫొటో ఇచ్చింది కూడా ఆవిడే. నేను ఇవ్వొద్దని పోట్లాడాను" అన్నాను.

చప్పట్లు కొట్టారు.

"ఇది చప్పట్లు కొట్టే విషయం కాదు" అన్నాను. ఇంకా కొట్టారు. ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. "భార్య మీద ఎంత ప్రేమో చూడండి" అన్నాడు కార్యదర్శి. మైకు నా చేతిలోంచి మెల్లగా లాక్కున్నాడు, చంటిపిల్లాడి చేతిలో కత్తెర లాక్కున్నట్టు.

మాటలతో కాదని అర్థమైంది. ఈ రోజు మొదటి ఫొటో పెద్దాయనే తీయాలని ఎవరో అన్నారు. సరేనన్నాను, అమ్మాయి డిజిటల్ కెమెరా అందుకున్నాను. ఇదే మంచిదనుకున్నాను. నేను తీస్తే ఎలా ఉంటుందో గోడ పక్కన పెట్టి చూసుకుంటారు. కళ్లున్నవాడెవడికైనా తెలుస్తుంది.

కుర్చీలో రిటైరైన బస్సు కండక్టరు కూర్చున్నాడు. చొక్కా మెడదాకా బొత్తాలు పెట్టుకున్నాడు.

"ఉద్యోగమంతా జనాన్ని కదలండి, కదలండి అన్నానండీ. ఇప్పుడు నన్ను కదలొద్దంటున్నారు" అన్నాడు. అందరూ నవ్వారు. నా తల వంగగానే నోరు మూసి బిగుసుకున్నాడు.

నేను మోసం చేయలేదు. చేతనైనంత బాగా తీశాను. కిటికీ వైపు కుర్చీ జరిపించాను. ముక్కు నీడ పెదవి దాకా రాకుండా చూసుకున్నాను. కళ్లలో వెలుగు చుక్క ఉందో లేదో చూశాను. నొక్కాను. ఎదుటి గోడమీద తెర మీద ఫొటో పెద్దగా వచ్చింది. వెలుగు అద్దంలా ఉంది. మనిషి తాళం వేసిన ఇల్లులా ఉన్నాడు.

"ఇదీ నాది" అన్నాను. "గోడమీద ఉన్నవి చూడండి. ఇది చూడండి."

అందరి తలలూ గోడ వైపు తిరిగాయి. తెలిసిందనుకున్నాను.

"వయసు మీద పడింది కదా" అన్నారు వెనక ఎవరో. "ఈ వయసులో చేయి వణక్కుండా తీశారు, అదే గొప్ప" అన్నారు ఇంకొకరు. కార్యదర్శి మళ్లీ చప్పట్లు మొదలుపెట్టాడు. నా చేయి వణకలేదు. కండక్టరు నా భుజం తట్టి, "బాగుంది పెద్దాయనా, పెన్షను ఆఫీసులో ఇస్తాను" అన్నాడు. ఆ హాల్లో నిజం చెప్పినవాడు అతనొక్కడే.

అమ్మాయి మాత్రం చప్పట్లు కొట్టలేదు. తెర వైపు చూస్తూ నిలబడింది. తర్వాత గోడ వైపు చూసింది. దానికి తెలిసింది. ముఖాలు చదవడం నాకు రాదు గానీ, దాని ముఖం నాకు తెలుసు.

వచ్చి నా చేతిలో కెమెరా తీసుకుని స్టాండుకు బిగించింది. నేను పెట్టిన లైటు మార్చలేదు. కుర్చీ జరపలేదు. కండక్టరుతో ఏవో రెండు మాటలు మాట్లాడింది. రిమోటు పట్టుకున్న చేయి వెనక్కి పెట్టుకుంది.

"అయిపోయిందండీ, లేవండి" అంది.

ఆయన హమ్మయ్య అని మెడ బొత్తాం విప్పుకున్నాడు. స్టాపు వచ్చిందేమో అన్నట్టు కిటికీలోంచి బయటికి చూసి, ఇంకా కుర్చీలోనే ఉన్నందుకు తనలో తను నవ్వుకున్నాడు. టక్కుమంది.

తెరమీద మనిషి వచ్చాడు.

ఆ గొంతు వాళ్లమ్మది. ఆ చేయి వాళ్లమ్మది. హాలంతా లేచి నిలబడింది.

"తండ్రి పోలిక" అన్నాడు కార్యదర్శి మైకులో. "రక్తంలోనే ఉంది."

నేను అమ్మాయి కోసం చూశాను. ఇప్పుడు చెబుతుంది. మైకు దాని ముందే ఉంది. ఒక్క మాట చాలు, ఇది మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను అని. అల్లుడు దాని చెవిలో ఏదో అన్నాడు. అది మైకు దగ్గరికి వచ్చింది.

"అందరికీ కృతజ్ఞతలు. అందరూ వరసలో రండి, తోసుకోకండి" అంది.

సాయంత్రం కుర్చీలు మడతపెడుతుంటే నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"నాన్నా, నువ్వు చెప్పింది నిజమే. నాకు ఈ రోజు తెలిసింది."

"నీకు ఈ రోజు తెలియలేదు. బల్లకింద కూర్చున్నప్పుడే తెలుసు."

"ఇప్పుడు మారిస్తే ఇన్నాళ్లూ అబద్ధం చెప్పానంటారు. పిల్లలు వస్తున్నారు, సాయం చేసేవాళ్లు వస్తున్నారు. ఇదంతా నీ పేరు మీద నడుస్తోంది. వచ్చే ఏడు అమ్మ పేరు కూడా వేయిద్దాం. నీ పేరు కింద. సహకారం అని."

"స్క్రూడ్రైవర్ ఉందా?" అన్నాను.

ఏదో కుర్చీకనుకుని తెచ్చిచ్చింది.

ముసలావిడ ఫొటో నుంచి మొదలుపెట్టాను. రేకుకు రెండు మరలు. విప్పి జేబులో వేసుకున్నాను. గురక వాళ్లది విప్పాను. ప్లీడరుది విప్పాను. అల్లుడు పరుగెత్తుకొచ్చి, "మావయ్యగారూ, నలుగురూ చూస్తారు" అన్నాడు. చూడమన్నాను. అమ్మాయి అతన్ని చేయి పట్టి ఆపింది. అంతవరకే చేసింది. వరసంతా విప్పి, రేకులు దాని ఒళ్లో పోసి ఇంటికొచ్చాను.

మర్నాడు ఫోను చేసింది. "నాన్నా, రేకులమీద అమ్మ పేరొక్కటే వేయిస్తాను. సరేనా?"

"వద్దు" అన్నాను. "నిన్న మైకు నీ ముందుంది. నలుగురిలో నోటితో చెప్పనిది రేకుమీద రాయించకు."

ఇప్పుడు గోడమీద ఫొటోలున్నాయి. కింద మరల చిల్లులున్నాయి. ఎవరు తీశారని పిల్లలు అడిగితే ఏం చెబుతుందో నాకు తెలియదు, తెలుసుకోను. ఆదివారం వస్తుంది. మందులు తెస్తుంది. కుళాయి కారుతోందని చెబుతాను, చూస్తుంది. అన్నం తింటాం. గిన్నెలు సర్దుతూ, "నాన్నా, ఆ ఫొటోల సంగతి..." అని మొదలుపెడుతుంది.

నేను లేచి అవతలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటాను. చెప్పాల్సింది మైకులో ఒకసారి చెప్పాను, ఇక్కడ ఒకసారి రాశాను. ఇక దానితో గానీ, ఎవరితో గానీ, ఆ మాట ఎత్తను.