పింగాణీకి మైల

పెద్దకార్యం ముందురోజు పొద్దున్నే నూకమ్మ కొంగు బిగించి తమ్ముడి ఇల్లు శుద్ధి చేయడం మొదలుపెట్టింది. ఇత్తడి సామాను చింతపండుతో తోమి ఎండలో బోర్లించింది. చేతుల కుర్చీల మీద, పాత టేకుబల్ల మీద పసుపునీళ్లు చల్లింది. గోడలకున్న పాతకాలపు అచ్చుపటాల అద్దాలు తడిగుడ్డతో తుడిచింది. వంటింట్లో ఉన్న ఒక్క మంచినీళ్ల కుండనీ బయటికి తీసుకెళ్లి పగలగొట్టి వచ్చింది. చివరికి ముందుగదిలో గాజుతలుపుల బీరువా దగ్గర ఆగింది.

"ఒరే సూర్యం, ఇవేటి? మట్టివా, గాజువా?"

బీరువా నిండా పింగాణీ. సూర్యం భార్య పద్మశ్రీ ఇరవై రెండేళ్లు ఒక్కొక్కటిగా ఏరి తెచ్చుకున్నది. ఊరు విడిచిపోయే పెద్ద కుటుంబాలు బంగళాల్లో అమ్మేసే సామానులో కొంత, బర్మామైన్స్ పేటలో పాతసామాన్ల రాజ్‌కిరణ్ దుకాణంలో కొంత. కప్పులు, కూజాలు, మూతపోయిన జాడీలు. ఆ కుర్చీలూ పటాలూ కూడా ఆమె తెచ్చినవే. ఆమె పోయి పది రోజులైంది.

సూర్యప్రకాష్ బడిలో సైన్సు చెబుతాడు. ఎవరేమడిగినా ఉన్నదున్నట్టు చెప్పడం అలవాటు. ఇప్పుడూ ఆలోచించకుండానే అనేశాడు.

"మట్టే అప్పా."

"అయితే ఇంట్లో ఉంచకూడదు. లోహానికైతే తోమితే పోద్ది. మట్టి పీల్చుకుంటాది. మైల లోపలుండిపోద్ది." ఆమె బీరువా తలుపు తీసింది. "పక్కింటి అప్పన్నని ఆటో తెమ్మంటాను. ఖర్కాయి ఏట్లో ఇడిసేద్దాం."

కూతురు సౌజన్య లోపలినుంచి పరుగున వచ్చింది. ఆదిత్యపూర్‌లో ఉద్యోగం. ఈ హిందీ ఊళ్లోనే పుట్టి పెరిగింది; తెలుగు అర్థమవుతుంది, హిందీలో బదులిస్తుంది.

"అత్తా, యే సబ్ ఫేకేంగే క్యా? మమ్మీ కా హై! నాన్నా, కుఛ్ బోలియే నా!" అంది. ఇవన్నీ పారేస్తారా, అమ్మవి కదా, మీరైనా ఏదో ఒకటి చెప్పండి అని.

"నానేటి నాకోసం సెప్తన్నానేటే?" అంది నూకమ్మ. "రేపు నీకు పెళ్లవ్వాల. ఈ ఇంట్లో దీపం ఎట్టాల. నాను ఎల్లుండి బండెక్కితే మరెవులు సూత్తారు మిమ్మల్ని?"

సూర్యప్రకాష్‌కి మైలంటే నమ్మకం లేదు. కానీ అప్పతో వాదించే ముఖం కూడా లేదు. పద్మశ్రీ మంచం పట్టిన మూడు నెలలూ ఆమే శ్రీకాకుళం నుంచి వచ్చి పక్కనే నేలమీద పడుకుంది. ఒళ్లు తుడిచింది, జడలల్లింది, ఒక్కరోజు విసుక్కోలేదు. అటువంటి మనిషి ఇల్లు శుభ్రం చేసి వెళ్తానంటే ఏమని కాదంటాడు?

అప్పుడు పద్మశ్రీ పింగాణీకి పెట్టే పరీక్ష గుర్తొచ్చింది.

"అప్పా, అన్నీ ఒక్కటే మట్టి కాదు. బాగా కాలినది రాయిలా అయిపోతుంది. అది దేన్నీ పీల్చదు. తక్కువ కాలినదే పీలుస్తుంది."

"ఏది ఏదో నీకెలా తెలుస్తాది?"

అతనొక కప్పు తీసి బోర్లించాడు. అడుగున మెరుపుపూత లేని గరుకు అంచుంటుంది. దానికి నాలుక ఆనించాడు. "తడి పీల్చే మట్టయితే నాలుక్కి పట్టుకుంటుంది. ఇది పట్టలేదు. పద్మ ఏది కొన్నా ఇలాగే చూసేది."

"దుకాణంలోనా? పదిమందిలోనా?"

"పదిమందిలోనే. రాజ్‌కిరణ్, 'భాభీజీకి టీ ఇవ్వండి, కప్పులు నాకేస్తున్నారు' అనేవాడు."

నూకమ్మకి నవ్వొచ్చింది. మైలింట్లో నవ్వినందుకు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇలా తే. నానూ సూత్తాను. నువ్వొక్కడివే సూత్తే దొంగలెక్కవుద్ది."

ఇద్దరూ నేలమీద కూర్చున్నారు. అరవై ఎనిమిదేళ్ల అక్క, యాభై ఆరేళ్ల తమ్ముడు. ఒక్కో కప్పూ తిరగేసి నాలుక ఆనించడం, పక్కన పెట్టడం. సౌజన్య పొడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి అందించింది. పట్టనివి కుడిపక్క, పట్టినవి ఎడమపక్క. ఎడమపక్కకి రెండు జాడీలు, ఒక మూత మాత్రమే వచ్చాయి. వాటి గురించి ఎవరికీ బాధ లేదు. కుడిపక్క పెరుగుతున్నకొద్దీ సౌజన్య ముఖం తేటపడింది.

చివరికి నీలం గిన్నె మిగిలింది.

అది బీరువాలో లేదు, వంటింటి గట్టుమీద ఉంది. సౌజన్యే తెచ్చింది. దానిమీద నీలంరంగులో ఒక వంతెన, వంతెనమీద ముగ్గురు మనుషులు. కూడబెట్టినవాటిలో దేన్నీ పద్మశ్రీ వాడనిచ్చేది కాదు. అలాంటిది చివరి నెలలో, రాగుల చోడిజావ ఈ గిన్నెలో పోసి పెట్టమంది. స్టీలు గిన్నె చప్పుడు తలలో మోగుతోందంది. రోజూ నూకమ్మే దాంతో తాగించింది. పూతలోని వెంట్రుకవాసి పగుళ్లలోకి జావ దిగి, లోపలంతా గోధుమరంగు గీతలు పడ్డాయి. ఎంత తోమినా పోలేదు.

సూర్యప్రకాష్ ఆ గీతలు చూశాడు. గిన్నె బోర్లించి నాలుక ఆనించాడు.

పట్టింది. తీస్తుంటే చిన్నగా లాగింది.

"పట్టిందా?" అంది నూకమ్మ.

"పట్టింది."

ఆమె చెయ్యి చాచలేదు. తనూ చూస్తాననలేదు. గిన్నెలోకే చూస్తూ కూర్చుంది.

"మరోపాలి సూడు నాయినా," అంది చివరికి. "తొందరపడ్డావేమో."

సౌజన్య తండ్రి ముఖంలోకి చూసింది. అతనికి అర్థమైంది. పట్టలేదని ఒక్కమాట అంటే చాలు, అప్ప మళ్లీ అడగదు. గిన్నె ఇంట్లోనే ఉంటుంది. కానీ ఈ గిన్నె కొన్నరోజు రాజ్‌కిరణ్ అసలు సిసలు చీనా పింగాణీ అని ఒట్టేస్తే, పద్మశ్రీ నాలుక ఆనించి, మట్టి అని తేల్చి చెప్పి, మట్టి ధరకే కొనుక్కుంది. నచ్చింది కాబట్టి నాకు నేనే అబద్ధం చెప్పుకుంటే ఇక ఈ పరీక్షెందుకు అంది. ఆమె పరీక్షతోనే మిగతావన్నీ నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు ఈ ఒక్కదానికీ అది చెల్లదని ఎలా అంటాడు?

మళ్లీ నాలుక ఆనించాడు. ఈసారి ఎక్కువసేపు.

"పట్టింది అప్పా."

నూకమ్మ గిన్నె అందుకుని ఒళ్లో పెట్టుకుంది. "ఈ సేత్తోనే తాగించాను," అని వెక్కుతూ ఏడ్చింది. పది రోజుల్లో ఆమె ఏడవడం ఇంట్లోవాళ్లు చూడటం అదే మొదలు.

"నహీ చిప్‌కా బోల్ దేతే," అంది సౌజన్య తండ్రితో. పట్టలేదని అనేస్తే పోయేది కదా అని.

మధ్యాహ్నం అప్పన్న ఆటోలో అక్కా తమ్ముడూ ఖర్కాయికి వెళ్లారు. నీళ్లు మోకాలిలోతే ఉన్నాయి. జాడీలు, మూత నూకమ్మ విడిచింది. గిన్నె అతను విడిచాడు. అది వెంటనే మునగలేదు. పడవలా కొంతదూరం పోయింది. వెనక్కి చూడకుండా నడవమంది నూకమ్మ. నడిచాడు.

ఇంటికొచ్చేసరికి సౌజన్య పింగాణీ అంతా బీరువాలో సర్దేసింది. తీసేసినవాటి చోట్లు కనబడకుండా, కప్పులు కొంచెం కొంచెం ఎడం జరిపి పెట్టింది. సూర్యప్రకాష్ బీరువా ఎదుట నిలబడి, వంటింట్లోకి వెళ్లకముందు ఆ గిన్నె ఏ అరలో ఉండేదో గుర్తుచేసుకోవడానికి చాలాసేపు ప్రయత్నించాడు. గుర్తు రాలేదు. అడగడానికి మనిషి లేదు.