అలుకు చల్లిన పొద్దు

బిచ్చయ్య నునుపు చేస్తున్న రాయి మీదనే నెత్తురు కక్కాడు. మేస్త్రీ మొదట రాయిని తుడిపించాడు. మనిషిని తర్వాత గేటు బయటికి ఈడ్పించాడు.

"టీబీగాడు. అందరికి అంటిస్తడు" అన్నాడు.

నెత్తిన బండ మోసుకొస్తున్న జంగమ్మ చూసింది. ఆమె మొగుడే బిచ్చయ్య. అది 1959, తాండూరులో ఒక పాలిషింగు కార్ఖానా.

వికారాబాద్ దవాఖానాలో డాక్టరు ఎక్స్‌రే చూశాడు. "టీబీ కాదమ్మా. రాతి దుమ్ము. దీనికి మందు లేదు" అన్నాడు.

బస్తీలో మీటింగు పెట్టారు. దగ్గేవాళ్లు లేవండని కూలీల సంఘం నాయకుడు ముక్తార్ అంటే సగం మంది లేచారు.

"కానూన్ ఉన్నది. దుమ్ము గుంజే మిషిన్ పెట్టాలె. కార్ఖానాల ఆఫీసరొచ్చి చూసి రాస్తే సేటు తప్పించుకోలేడు" అన్నాడు ముక్తార్.

"రాస్తడా భాయ్?" జంగమ్మతో బండలు మోసే లాల్‌బీ అడిగింది.

"దుమ్ము కండ్లకు కనవడ్తది గద. ఎట్ల రాయడు?"

అరవై మంది వేలిముద్రలతో సర్కారుకు అర్జీ పోయింది. మూడు నెలలకు జవాబొచ్చింది. శుక్రవారం ఆఫీసరు వస్తున్నాడు.

ఇక్కడే మనవాళ్లు మనవాళ్లనిపించుకున్నారు. పెద్దమనిషి వస్తుంటే వాకిలి ఊడ్చి అలుకు చల్లకుండా మన ఆడవాళ్ల చేతులు ఊరుకుంటాయా? పొద్దున్నే కార్ఖానా అంతా ఊడ్చి బిందెలకొద్దీ నీళ్లు చల్లారు, బండల మీద కూడా. అందరికంటే ఎక్కువ మోసింది జంగమ్మే. తన మొగుడి కోసం వస్తున్న మనిషి కదా. మేస్త్రీ చూసి వద్దనలేదు సరికదా, ఇంకో రెండు బిందెలు ఇప్పించాడు.

తడిసిన రాయి దుమ్ము లేపదు. "ఏదయ్యా దుమ్ము?" అన్నాడు ఆఫీసరు.

"చెప్పకుండ రేపు రాండ్రి సాబ్" అని ముక్తార్ జీపు వెంట పడ్డాడు. దుమ్ము లేదని రాసేసి ఆఫీసరు వెళ్లిపోయాడు.

"నా చేతులతోనే పోస్తి" అంది జంగమ్మ.

"అందరం పోస్తిమి గదక్కా" అంది లాల్‌బీ. ఆ మాటతో ఎవరి కడుపుమంటా చల్లారలేదు.

పన్నెండో నాడు బిచ్చయ్య పోయాడు. పని బందుపెట్టి, పాడెను కార్ఖానా గేటు ముందు దించారు. సేటు దౌల్తాబాద్ దిక్కు నుంచి నలభై మంది కొత్త కూలీలను లారీలో తెచ్చి దించాడు. వానలు లేక పస్తులున్నవాళ్లు. జంగమ్మ శవం మొహం మీది గుడ్డ తీసింది.

"మీ కడుపు కాలుతున్నదని నాకెరుకే. పోవద్దనను. గీ మొఖం చూసి పోండ్రి. ముప్పై రెండేండ్లు గీయినకు."

చూశారు. ఇరవై తొమ్మిది మంది తల దించుకొని లోపలికి పోయారు. వాళ్లను తిట్టేవాడు ఆకలి ఎరగనివాడు. పదకొండు మంది పాడె పక్కన కూర్చున్నారు.

పోలీసు వ్యాను వచ్చింది. ముక్తార్‌నూ జంగమ్మనూ ఎక్కించారు.

"మట్టి చేసేదాక ఆగుండ్రి" అని లాల్‌బీ బతిమాలింది. ఆగలేదు.

జంగమ్మ వ్యాను కటకటాల్లోంచి ఆ పదకొండు మందిని చూసింది. ఒక్కరూ తెలిసినవాళ్లు కారు.

"మీ పేర్లేంది?" అని అడిగింది.

లోపల మిషన్లు మొదలయ్యాయి. ఆ చప్పుడులో ఆమెకు వినపడేలా ఒక్కొక్కరే గట్టిగా చెప్పారు. పక్కనే నిలబడి పోలీసు జమాదారు కూడా ఆ పేర్లు రాసుకున్నాడు.