రాగి నాజిళ్ళు, శవం వాసన

షట్టర్ ఎత్తగానే లోపల్నుంచి శవం వాసన వచ్చి ముఖాన కొట్టింది.

రెండు రోజుల సెలవు తర్వాత తెరిచిన లేత్ షాపది. షాపు నాదే. ఇంకాసేపట్లో స్టౌల కంపెనీ మేడమ్ రాగి నాజిళ్ళు చూడటానికి వస్తోంది. నచ్చితే ఏడాది పొడుగునా పని మాకే, లేకపోతే ఎదురు షాపుకి. నచ్చవని నాకు ముందే తెలుసు. రాగి మెత్తన. టూలుకి అంటుకుని చిరిగిపోతుంది. నేను చేసిన నాజిళ్ళు అచ్చం మొసలి వీపులా వచ్చాయి.

అయినా సెలవు ముందురోజు బింకానికి పోయాను. "లేత్ మీద కోసేటప్పుడు ఇత్తడికి ఏమీ పొయ్యక్కర్లేదు. అల్యూమినియానికి కిరోసిన్. రాగికైనా స్టీలుకైనా నీళ్ళలో కలిపిన కట్టింగ్ ఆయిలే. ఇంకోటి పోస్తే ఊరుకోను!" అని మామగారికి ఉపన్యాసమిచ్చి, తాళాలు ఆయన చేతిలో పెట్టి ఇంటికెళ్ళాను. ఆయన లేత్ మీద పనిచేసి రిటైరైన టర్నరు, మాతోనే ఉంటారు. నాకు ఎదురు చెప్పరు. నా పెత్తనమంతా అందుకే.

సరే, ముందు శవం సంగతి తేల్చాలి. స్పానర్ పట్టుకుని బెంచీల కింద దూరాను. తల బొప్పి కట్టింది గానీ శవం దొరకలేదు. లేత్ ట్రేలో తెల్లటి ద్రవం గడ్డలు కట్టి ఉంది. కట్టింగ్ ఆయిల్ నీళ్ళలో కలిస్తే పాలలాగే ఉంటుంది. పాతబడిందిలే అనుకుని దాటిపోయాను. అలా మూడుసార్లు దాటాను.

టీ ఫ్లాస్కుతో వచ్చిన మా ఆవిడ గుమ్మంలోనే ముక్కు మూసుకుంది.

"మొన్న ఇంట్లో పాలప్యాకెట్లు మాయమైతే దొంగని పట్టలేకపోయారు. ఇక్కడేం పడతారండీ?"

నాకు చటుక్కున తట్టింది. "తేలిపోయింది! పాలు తాగింది వీధిలో పిల్లి. తాగి, ఇక్కడికొచ్చి చచ్చింది!"

"అజీర్తి చేసా?"

అంతలో శవం స్వయంగా నడుచుకుంటూ వచ్చింది. తోక నిటారుగా లేపి, సరాసరి లేత్ దగ్గరికెళ్ళి ట్రేలో మూతి పెట్టింది.

పొద్దున నాతోపాటే వచ్చిన మామగారు పైకప్పు పరిశీలిస్తున్నారు.

"అబ్బ, ఏంటండీ ఈ కంపు?" అంటూ మేడమ్ రానే వచ్చింది. నేను నోరు తెరిచేలోగా మామగారు ఒక డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టారు. అందులో నాజిళ్ళు అద్దాల్లా మెరుస్తున్నాయి. అవి నావి కావు, ఒట్టు.

"ఇంత నున్నగానా! అన్నీ ఇలాగే చేసిస్తే పని మీకే. ఇంతకీ ఏం వాడారు?"

నేను గొంతు సవరించుకున్నాను.

"పాలమ్మా," అన్నారు మామగారు. "మా రోజుల్లో రాగికి పాలే పోసేవాళ్ళం. అడిగితే అల్లుడుగారు వద్దంటారు, అందుకే అడగలేదు. సెలవు ముందు రాత్రి ఈ నాజిళ్ళు చేసేసరికి నడుం పట్టేసింది. ట్రే రేపు కడుగుదాంలే అనుకున్నా. రేపు సెలవని గుర్తులేదు. పాలు ఎత్తుకొచ్చిందీ నేనే, కంపు చేసిందీ నేనే. ఆ పిల్లినేం అనకండి, పాపం. మిగిలిన సగం ప్యాకెట్టూ దానికి పోసిందీ నేనే."